పెడన దాకా డైపర్ లేకుండా

శనివారం ఉదయం ఆరుంబావుకు పటమటలో మా ఇంటి ముందు ఆటో ఎక్కాం. మేమంటే నేను, రెండేళ్ల నాలుగు నెలల మా అమ్మాయి మేధ, ఒక నీలం రంగు ప్లాస్టిక్ పాటీ కుర్చీ. ముగ్గురిలో ప్రయాణానికి పూర్తిగా సిద్ధంగా ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే.

వెళ్లాల్సిన పని చిన్నదే. నా భార్య హారిక వాళ్ల చిన్నాన్న వెంకటేశ్వర్లు గారు పెడనలో మగ్గం నేస్తారు. మా మరదలి నిశ్చితార్థానికి ఆయన నేసిన చీర తీసుకుని ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలి. హారికకు బ్యాంకులో ఆడిట్ ఉంది కాబట్టి పిల్లను నేనే తీసుకెళ్తానన్నాను. ఎందుకైనా మంచిది, రెండు డైపర్లు సంచిలో పడేసుకోమంది. నేను ఒప్పుకోలేదు.

దానికి కారణముంది. సోమవారం మేధ ప్లేస్కూల్లో చేరాలి. డైపర్‌తో వచ్చే పిల్లల్ని చేర్చుకునేది లేదని ఆ బడివాళ్లు ముందే చెప్పారు. పదకొండు రోజులుగా ఇంట్లో డైపర్ లేకుండా నెట్టుకొస్తున్నాం. నలభై నిమిషాలకోసారి ఫోన్లో అలారం. వెళ్లిన ప్రతిసారీ గోడమీది పట్టికలో స్టిక్కర్. ఒకటికి, అంటే పాస్‌కి, నక్షత్రం. రెండుకి ఏనుగు. నేను ఇబ్రహీంపట్నంలో విద్యుత్ కేంద్రం ఇంజినీర్ని, ఆవిరి పీడనం కొలిచే పరికరాలు చూసుకుంటాను. అంత పెద్ద బాయిలర్‌ను చూసుకునేవాడికి పన్నెండు కిలోల పిల్ల ఒక లెక్కా అనుకున్నాను. బాయిలర్‌కు మీటరు ఉంటుందన్న తేడా ఆటోలో తట్టలేదు.

మీరూ ఇలా బయల్దేరేట్టయితే సంచిలో ఉండాల్సినవి: ఎనిమిది నిక్కర్లు, నాలుగు పాత తువ్వాళ్లు, తడి కాగితాల ప్యాకెట్లు రెండు, జిప్పున్న కవర్లు, లీటరు నీళ్ల సీసా, సబ్బు కాగితాలు. స్టిక్కర్ల పట్టిక కూడా నాలుగు మడతలు పెట్టి తీసుకెళ్లాను. అది మీకు అక్కర్లేదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఏడూ పదికి మచిలీపట్నం ప్యాసింజర్ కదిలింది. కిటికీ సీటు దొరికింది. ఎదుట కరీముల్లా గారని ఒక పెద్దాయన. బందరులో గిల్టు నగలు చేయించి విజయవాడ దుకాణాలకు వేస్తారట. ఆయన అట్టపెట్టె కాళ్ల మధ్య పెట్టుకున్నారు, నేను పాటీ కుర్చీ పెట్టుకున్నాను. ఏడున్నరకు మొదటి అలారం మోగింది. పిల్లను ఎత్తుకుని బోగీ చివరి మరుగుదొడ్డికి వెళ్లాను. మేధ లోపలికి తొంగి చూసి, కింద పట్టాల చప్పుడు విని, నా మెడ పట్టుకుంది.

"ఇది మనది కాదు నాన్నా," అంది. సాంకేతికంగా తప్పు పట్టడానికి లేదు.

ఎనిమిదీ పదికి రెండో అలారం, అదే జవాబు. మూడోసారి మోగేసరికి బోగీలో సగం మందికి మా కార్యక్రమం అర్థమైంది. పట్టిక గురించి కరీముల్లా గారు వివరంగా అడిగారు. వివరంగా చెప్పాను. నక్షత్రాలేవో, ఏనుగులేవో ఓపిగ్గా చూశారు.

"మేం ఆరుగురం అన్నదమ్ములమండీ," అన్నారు చివరికి. "మా అమ్మ ఇట్టాంటివేం అంటించలేదు. అయినా అందరం ఇప్పుడు సొంతంగానే వెళ్తన్నాం."

గుడివాడలో బండి కాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం చివర కొళాయి పక్కన మేధ నిలబడే ఒకటి కానిచ్చేసింది. నిక్కర్ మార్చాను. నక్షత్రం ఇవ్వాలా వద్దా అన్నది నిబంధనల్లో లేదు. రెండో సంగతి మాత్రం శుక్రవారం ఉదయం తర్వాత లేదు. కుర్చీ నా కాళ్ల దగ్గరే ఉంది, పిల్ల దానివైపు చూడను కూడా చూడలేదు.

పెడనలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. వెంకటేశ్వర్లు మామయ్య గారిల్లు స్టేషన్‌కు నడిచేంత దూరం. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, దొడ్లో మరుగుదొడ్డి. మేధ దాన్ని గుమ్మంలోంచే పరిశీలించి తిరస్కరించింది. పాటీ కుర్చీ వసారాలో, వంటింట్లో, మంచం పక్కన, మూడు చోట్లా పెట్టి చూశాను. దానిమీద తన కుందేలు బొమ్మను కూర్చోబెట్టింది. కుందేలుకూ రాలేదు.

మధ్యాహ్నం పప్పన్నం రెండు ముద్దలు తిని ఆపేసింది. సాయంత్రానికి పొట్ట గట్టిగా తగిలింది. నేను ఎదుట నిలబడి ఫోన్ చూస్తూ నిమిషాలు చెబుతుంటే కాళ్లు దగ్గరకు బిగించుకుని వెక్కేది. హారిక ఫోన్ చేసి తిన్నదా, వెళ్లిందా అని అడిగింది. మొదటిదానికి కొంచెం అన్నాను, రెండోదానికి సిగ్నల్ సరిగా లేదన్నాను. అత్తయ్య గారు కొట్టుకు వెళ్లి ఒక డైపర్ ప్యాకెట్ తెచ్చారు.

"సంచిలో ఉండనీండి అల్లుడు గారూ. మీ పట్టుదల మీది, పిల్ల నొప్పి పిల్లది."

ఆదివారం ఉదయం మేధ పాలు కూడా తాగలేదు. పొట్ట పట్టుకుని ఏడుస్తోంది. రెండు రోజులైంది. బడి పోతే పోయింది, సీటు వచ్చే ఏడాదైనా దొరుకుతుంది అనుకుని తొమ్మిదిన్నరకు ప్యాకెట్ చించాను. డైపర్ విప్పి వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు.

ముందు గదిలో ఉంది. అక్కడ మామయ్య గారు గుంట మగ్గం నేస్తున్నారు. అంటే నేలలో నడుము లోతు గుంట ఉంటుంది. మనిషి దాని అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తాడు. మేధ చూసినదేమిటంటే, ఒక తాత నేలలో కన్నం అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, ఎటూ చూడకుండా ఏకాగ్రతతో ఉన్నాడు. ఆమె అనుభవంలో దానికి ఒకటే అర్థం.

"తాత కూడా కక్కకి కూచున్నాడు," అంది. అని నిక్కర్ దించుకుని ఆయన పక్కకు నడిచింది.

నేను వెళ్లి రెక్క పట్టుకున్నాను. కర్రలా బిగుసుకుని ఏడుపు మొదలుపెట్టింది. మామయ్య గారు మగ్గం ఆపారు.

"లాగమాకండి అల్లుడు గారూ. ఇప్పుడు లాగితే మళ్లీ రెండు రోజులు."

మగ్గానికి మీరు దండం పెట్టుకుంటారు కదా, అది పూజలో ఉండేది కదా అని ఏదో నసిగాను.

"మా పిల్లలిద్దరూ వాళ్లమ్మ నేస్తుంటే ఈ అంచు మీదే పెరిగారు. దేవుడి సంగతి నేను చూసుకుంటా. పడుగు తడవకుండా మీరు చూసుకోండి."

పడుగంటే మగ్గం మీద సాగదీసి బిగించిన దారాలు. గంజి పెట్టి ఆరబెట్టినవి. తడిస్తే ఆయన రోజుల తరబడి చేసిన పని పోతుంది. పరిష్కారం అత్తయ్య గారికే తట్టింది. పక్కనే ఇంకో గుంట ఉంది. మామయ్య గారి తమ్ముడు నేత మానేశాక ఆ మగ్గం విప్పేసి, గుంట మీద పలకలు వేసి ఉల్లిపాయలు పోశారు. ఆమె ఉల్లిపాయలు పక్కకు తోసి, రెండు పలకలు తీశారు. నేను నీలం కుర్చీ గుంట అంచున పెట్టి వెనకనుంచి పట్టుకున్నాను. మేధ దర్జాగా కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసింది.

మామయ్య గారు ఆమెవైపు చూడలేదు. తాడు లాగారు, అడ్డదారం మోసే నాడె అటునుంచి ఇటు పరుగెత్తింది, టకటకమని చప్పుడు. మేధ ఆయన్ని కాసేపు గమనించి, తనూ గాల్లో తాడు లాగింది. గాల్లోనే చెక్కలు తొక్కింది. ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన పనిలో పడ్డారు. తొమ్మిదీ యాభైరెండుకు ఫలితం వచ్చింది. వచ్చినదాని పరిమాణం చూస్తే ఒక్క ఏనుగు స్టిక్కర్ ఇవ్వడం అన్యాయమనిపించింది.

అత్తయ్య గారు వెంటనే పెరుగన్నం కలిపారు. గిన్నె ఖాళీ అయింది. పన్నెండు రోజులుగా నేను ఈ పిల్ల ముందు నిలబడి గడియారం చూస్తున్నాను. పక్కన కూర్చుని తన పని తాను చేసుకునే మనిషి కావాలన్నది నా పట్టికలో ఏ గడిలోనూ లేదు. పట్టిక అక్కడే వదిలేశాను. అత్తయ్య గారు దాన్ని ఉల్లిపాయల కింద పరిచారు.

ఒంటిగంటన్నరకు చీర ప్యాకెట్‌తో బందరు వెళ్లి, రెండున్నరకు విజయవాడ బస్సు ఎక్కాం. ఉయ్యూరు దాటాక మేధ నా చెవిలో పాస్ అంది. కండక్టర్ గారిని ఆపమని బతిమాలాను. కంకిపాడులోనే ఆగుతుంది, పది నిమిషాలు అన్నారాయన. మేధ ఆ పది నిమిషాలూ ఆపుకుంది. మేం కంకిపాడులో దిగాం, బస్సు మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది.

అక్కడి మరుగుదొడ్డి చూసి యథాప్రకారం మనది కాదంది. లోపలే కుర్చీ వేస్తే కూర్చుంది గానీ, నావైపు చూస్తూ ఊరుకుంది. దేనికోసమో అర్థమైంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఆమె పక్కన గొంతుక్కూర్చుని, గాల్లో తాడు లాగుతూ నోటితో టకటకమన్నాను. తలుపు బయట ఎవరో దగ్గారు.

"లోపల ఏం చేస్తన్నారండీ?"

"నేస్తున్నామండీ," అన్నాను. బయటాయన పక్క తలుపు చూసుకున్నారు.

నాలుగున్నరకు ఇంకో బస్సు దొరికింది. మేధ నా ఒళ్లో పొడిగా నిద్రపోయింది. వెళ్లేవాళ్లకు చెప్పేదొకటే. పెడనకు రైలు సుఖం, తిరుగు ప్రయాణానికి బస్సుకంటే రైలే మేలు. అలారం ఇంట్లో వదిలి వెళ్లండి. బడి దరఖాస్తు జేబులోనే ఉంది, సగం నింపింది. పిల్లకు ప్రత్యేక అవసరాలేమైనా ఉంటే తెలపండి అని అందులో ఒక గడి. పటమట వచ్చేదాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి, పక్కన ఎవరైనా కూర్చోవాలి అని రాశాను. మగ్గం సంగతి, వాళ్లు అడిగితే చెబుదామని వదిలేశాను.