తాబేలు గుడ్లకు బొట్టు

2022 వానాకాలం. తమిళనాడు ధర్మపురి జిల్లాలో నది తాబేళ్ళ మీద నా పని మూడో సంవత్సరంలో పడింది. నేను ఫీల్డ్ బయాలజిస్టును, అంటే జంతువులు బతికే చోటికే వెళ్ళి వాటిని అధ్యయనం చేసే మనిషిని. మెత్తటి వీపున్న సాఫ్ట్‌షెల్ తాబేలు ఇక్కడ దాదాపు కనుమరుగైంది. రెండేళ్ళకు పైగా వెతికినా దాని గూడు ఒక్కటీ దొరకలేదు.

ఒక పొద్దున మహేంద్రమంగళం నుంచి రాజమ్మత్త ఫోన్ చేసింది. ఏటి ఒడ్డున టమాటా పండిస్తుంది. ఊరంతా పంచిన నా నంబరు దాచుకుంది.

"పాపా, ఇసుకలో గుడ్లు ఉండాయి. నువ్వు ఫొటోలో చూపించిన తాబేలివే. నీళ్ళు ఎక్కతా ఉండాయి, నువ్వొచ్చే లోపల మునిగిపోతాయి."

అటవీ అధికారిని అడిగి, వెంటనే ఆమెకు చెప్పాను. "టమాటా క్రేటులో గోనెసంచి పరిచి, ఇసుక పోసి, గుడ్లు పెట్టి మెరకకు తెచ్చేయత్తా."

జీపు ఎక్కాక గుర్తొచ్చింది. తాబేలు గుడ్డును తిప్పకూడదు. లోపలి పిండం పై పెంకుకు అతుక్కుని ఉంటుంది, తలకిందులైతే బతకదు. అందుకే ఎత్తేముందు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెడతాం. మా పనిలో మొదటి పాఠం అదే. హడావిడిలో అదే చెప్పలేదు. తిరిగి చేస్తే ఆమె ఫోన్ ఎత్తలేదు. దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను.

నేను చేరేసరికి క్రేటు తలమీద పెట్టుకుని ఆమె గట్టెక్కి వస్తోంది. ఇసుక జారి, కొన్ని గుడ్లు దొర్లి ఉన్నాయి. అయితే ప్రతి గుడ్డు మీదా ఒక కుంకుమ బొట్టు ఉంది.

"ఇదేంటత్తా?"

"ఎవరి బిడ్డల్నో ఎత్తుకొస్తా ఉండాం కదా. మోటారు షెడ్డులో సామి కుంకుమ ఉంటే, గూట్లో ఉండంగానే పైన బొట్టు పెట్టి, మొక్కుకుని ఎత్తినాను. విత్తనాలు తీసినా మేం అంతే."

దొర్లినవాటిని బొట్టు పైకి వచ్చేలా సర్ది, మెరక మీది ఇసుకలో పూడ్చి కంచె కట్టాం. కొన్ని పాడయ్యాయి. చాలావాటిలోంచి మాత్రం, నెలల తర్వాత, రూపాయి బిళ్ళంత పిల్లలు ఇసుక తోసుకుని వచ్చాయి. రాజమ్మత్త వాటిని ఏట్లో వదులుతూ, "పోయి రాండమ్మా" అంది. ఆ చేతులకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఇప్పటికీ గుడ్లు కనిపించాయని ఏ ఊరి నుంచి ఫోన్ వచ్చినా, పేరు కూడా అడగకముందే చెప్పే మాట ఒకటే.

"ముందు బొట్టు పెట్టండి."