గిర్ని పక్కింటి గొంతు

ఆ పొద్దున చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆమె మాటలు రెండోసారి వింటుంటే, వాటి వెనక పిండిగిర్ని చప్పుడు వినిపించింది. మొదట మిషన్‌లో గరగర అనుకున్నాను. కొంచెం ఆగి వింటే, బెల్టు అతుకు చక్రం మీదికొచ్చిన ప్రతిసారీ పడే ఆ ‘టప్’ దెబ్బ గుర్తుపట్టాను. మా ఊళ్లో ఉన్నది ఒకటే గిర్ని. దానితో గోడ కలిసిన ఇల్లు కూడా ఒకటే. ఆ ఇంటామె మాటలే నేను రికార్డు చేసి తెచ్చింది, చెప్పింది ఎవరన్నది చీమకు కూడా తెలియనివ్వనని మాటిచ్చి.

కార్యక్రమం సాయంత్రం ఐదింటికి.

మాది చిన్న రేడియో. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే రోడ్డుకు కొంచెం లోపలగా, ఒకప్పటి పాల కేంద్రం గదిలో నడుస్తుంది. ఏ పార్టీదీ కాదు, ఏ కంపెనీదీ కాదు. పంటలు, పిల్లల టీకాలు, కరెంటు కోతలు, చుట్టుపక్కల ఊళ్ల ముచ్చట్లు చెప్తాం. ఏదైనా విషయం మీద తగువుంటే రెండు పక్కల వాళ్లనూ అడిగి, ఇద్దరికీ సమానంగా సమయమిచ్చి, వాళ్ల మాట కోయకుండా వినిపిస్తాం. భయపడేవాళ్లుంటే పేరు తీసేసి, కంప్యూటర్‌లో గొంతు లావు చేస్తాం. అది మా కట్టుబాటు. నా వంటి బడి మెట్లు ఎక్కని మనిషికి అక్కడ కూర్చుని మాట్లాడే భాగ్యం దొరికింది. రోజూ తలుపు తీసేటప్పుడు గడపకు దండం పెట్టుకునే లోపలికి పోతాను.

ఆ వారం విషయం మా ఊరి బోరు నీళ్లు. వానలు పడ్డప్పటి నుంచి నీళ్లలో ఏదో వాసన. పక్కనున్న ఫ్యాక్టరీ వల్లనే అని ఊరు. కాదని ఫ్యాక్టరీ. అక్కడి ఆఫీసరు ఒకాయన మా గదికే వచ్చి, ఓపిగ్గా మాట్లాడి వెళ్లాడు. ఊరి తరఫున మాట్లాడటానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. ఇంటికొకరు అందులోనే పనిచేస్తారు. మా ఆయన కూడా అందులోనే షిఫ్టు చేస్తాడు. అందుకే ఈ కార్యక్రమం నాకొద్దని మా ఇన్‌చార్జి మేడమ్‌కు ముందే చెప్పాను. ఈ చుట్టుపక్కల ఏ కంపెనీలోనూ మనిషి లేని ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, అట్లా అనుకుంటే రేడియో మూసుకోవాల్సిందే అందామె.

చివరికి గిర్ని పక్కింటి అక్క ఒప్పుకుంది. ఆమె ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే గిన్నెలు కడుగుతుంది. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. వంటింట్లో కూర్చుని, కొంగు చాటున మైకు పెట్టుకుని మాట్లాడింది. గిర్ని ఆ సేపంతా నడుస్తూనే ఉందని ఇప్పుడు అర్థమైంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కదా, ఆమెకూ వినపడలేదు, నాకూ వినపడలేదు. మైకుకు వినపడింది.

గొంతు ఎంత లావు చేసినా గిర్ని గిర్నిలాగే ఉంటుంది. వినేవాళ్లు మా ఊరివాళ్లు. ఆ ‘టప్’ రెండుసార్లు పడితే చాలు, అది ఎవరి వంటిల్లన్నది పట్టేస్తారు.

మేడమ్ మధ్యాహ్నం దాకా కంప్యూటర్ ముందు కూర్చుంది. చప్పుడు తీస్తే మాట పోతోంది, మాట ఉంచితే చప్పుడు ఉంటోంది. మళ్లీ రికార్డు చేద్దామంటే అక్క డ్యూటీలో ఉంది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. కార్యక్రమం వాయిదా వేద్దామన్నాను. రెండు రోజుల నుంచి చెప్పి చెప్పి ఇప్పుడు ఆపితే కంపెనీ నోరు మూయించిందంటారు అంది మేడమ్. ఆఫీసరు మాటలు ఇవ్వాళ వేసి, ఊరి మాట వచ్చే వారం వేద్దామా అని ఆమే అంది. అనగానే ఆమెకే నచ్చలేదు, తల అడ్డంగా ఊపుకుంది.

నాకు మా తాత గుర్తొచ్చాడు. చిన్నప్పుడు ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. తాతే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించి, పురాణం చదివించేవాడు. సాయంత్రం వాకిట్లో నలుగురు చేరేవారు. రాక్షసుడి మాట వచ్చినప్పుడల్లా నేను గొంతు మోటుగా మార్చేదాన్ని. తాత పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

“దేవుని మాటల తీపి కలపకు, రాక్షసుని మాటల కారం కలపకు. ఉన్నది ఉన్నట్టు సదువు. వినేటోని నోట్ల గూడ నాలిక ఉంటది బిడ్డా.”

“మేడమ్, ఆమె మాటలు కాయితం మీద రాసుకొని నేను సదువుత,” అన్నాను.

“ఆయన గొంతు ఆయనదే వస్తుంది, ఈమెది మాత్రం చదివిన కాగితం. అది సమానం ఎట్లైతది?”

“ఆయనది గూడ నేనే సదువుత.”

మేడమ్ నా ముఖం చూసింది. మా ఆయన ఉద్యోగం సంగతి ఆమె అనలేదు. నేనూ అనలేదు. ఆఫీసరుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

ఆయన మాటలు కూడా నేనే చదువుతానంటే మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు. తన గొంతులో చెప్పిన మాటకు ఒక విలువ ఉంటుందని, అది తీసేస్తే తన మాట తగ్గించినట్టేనని అన్నాడు. అది నిజమే, కాదనలేకపోయాను. ఎందుకు మారుస్తున్నారని అడిగాడు. కారణం చెబితే గిర్ని చెప్పినట్టే. గిర్ని చెబితే ఆమె పేరు చెప్పినట్టే.

“ఒక పక్కోళ్ల గొంతు వినిపియ్యలేకపోతున్నం సార్. అందుకే రెండో పక్కది గూడ వినిపిస్తలేం. అంతకన్న ఎక్కువ చెప్పలేను.”

ఆయన ఇంకోటి అడిగాడు.

“ఆ మాట్లాడింది మా దగ్గర పనిచేసే మనిషేనా మేడమ్?”

కాదు అంటే అబద్ధం. చెప్పను అంటే అవునన్నట్టు. లోపల దేవుణ్ని తలుచుకున్నాను.

“సార్, మీ గురించి ఊళ్లె ఎవరన్న వచ్చి ఏదన్న అడిగితే నేను జవాబు చెప్ప. అది ఏ ప్రశ్న అయినా సరే. మీకు గూడ గంతే.”

చివరికి ఆయన సరేనన్నాడు. ఒక్క మాట మార్చినా ఊరుకోనని, చదివింది మొత్తం రికార్డు చేసి పంపాలని అన్నాడు. ఆ మాత్రం అన్నందుకే ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

రెండు రికార్డులూ మళ్లీ విని ఒక్క ముక్క పోకుండా రాసుకున్నాను. ముందు ఎవరిది చదవాలన్నది ఇంకో తగువు. మేడమ్ రెండు చీటీలు మడిచి దేవుడి పటం ముందు వేసింది. ఊళ్లో పొలం వంతులకు కూడా ఇట్లాగే వేస్తారు. కళ్లు మూసుకుని తీశాను. ఆఫీసరుది వచ్చింది.

ఐదింటికి ఎర్ర బల్బు వెలిగింది.

ఫ్యాక్టరీ నీళ్లు శుద్ధి చేశాకే బయటికి వదులుతామని, పరీక్షల్లో ఏ దోషమూ రాలేదని, ఊరికి రోజూ ట్యాంకరు పంపుతున్నది తప్పు చేసినందుకు కాదని, పక్క ఊరన్న అభిమానంతోనని ఆయన చెప్పాడు. ట్యాంకరు మాట దగ్గర నా గొంతు సన్నబడబోయింది. ఆ ట్యాంకరు కింద బిందె పెట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. మొన్ననే అక్కడ ఇద్దరు ఆడవాళ్లు కొట్లాడుకున్నారు. అదేదీ నా గొంతులోకి రాకూడదు. ఆయన చెప్పినట్టే, నమ్మినట్టే చదివాను.

తర్వాత ఆమెది. బోరు నీళ్లతో అన్నం వండితే పచ్చగా దిగుతుందని, స్నానం చేస్తే పిల్లలు ఒళ్లు గోక్కుంటున్నారని, ఎవరిని అడగాలో తెలియదని చెప్పింది. మా ఇంట్లోనూ అన్నం పచ్చగానే దిగుతుంది. మేడమ్ అద్దం అవతల నుంచి నన్నే చూస్తోంది. వేలితో కాగితం ఒత్తిపట్టుకుని, ఆఫీసరు మాటలు ఏ నడకతో చదివానో అదే నడకతో చదువుకుంటూ పోయాను. చివరికి ఆమె అన్న మాట వచ్చింది.

“కంపెనీ చెడ్డదని నేనంటలేను. కంపెనీ లేకుంటే మా పొయ్యి లేదు. నీళ్లు మంచిగ లేవంటున్న. గా రెండు మాటలు నావే.”

బల్బు ఆరిపోయింది. లేచేసరికి చీర వీపుకు అంటుకుని ఉంది.

ఫోన్లు మొదలయ్యాయి. కంపెనీ మాటలు అంత తియ్యగా చదవాలా, మొగుడి ఉద్యోగం కోసమా అని ఒకావిడ దులిపేసింది. ఊరి మాట చదివేటప్పుడు ఏడుపు కలిపావని ఇంకొకాయన. ఆఫీసరు రికార్డు తెప్పించుకుని విన్నాడు. మార్పులేమీ లేవని మేడమ్‌కు ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు. అది చూసి కళ్లకు అద్దుకున్నాను.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పాడు.

“బస్సుల లొల్లి లొల్లి. ఒకడు నువ్వు కంపెనీ మనిషివన్నడు, ఒకడు కాదు ఊరి మనిషివన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“నేనేమంట? నాకు అన్నం పెట్టేటి మనిషి, నాకు గంతే ఎరుక అన్న. జెర నీళ్లియ్యి.”

నవ్వొచ్చింది. ఆ రాత్రే అక్కకు ఫోన్ చేసి, గిర్ని చప్పుడు పడ్డందుకే ఆమె గొంతు వేయలేదని చెప్పాను. అయినా నా భయం తీరలేదు. ఎవరో ఒకరు పసిగట్టి ఉంటారని, క్యాంటీన్‌లో అక్కను పిలిచి అడుగుతారని. మరునాడు జొన్నలు పట్టించే పని పెట్టుకుని గిర్నికి వెళ్లాను. బెల్టు టప్ టప్‌మంటూ తిరుగుతోంది. వరసలో ఆడవాళ్లంతా అదే ముచ్చట. చెప్పింది ఫలానా ఇంటి కోడలని ఒకరు, కాదు పక్క వాడ ముసలామె అని ఇంకొకరు పందెం కాస్తున్నారు. అప్పుడే అక్క గోడ పక్క నుంచి వచ్చింది. క్యాంటీన్ డ్యూటీకి పోతోంది, మెళ్లో ఐడీ కార్డు. నా గుండె కొట్టుకోవడం గిర్ని చప్పుడులో కలిసిపోయింది కాబట్టి సరిపోయింది.

“ఎవలో ఏమో గానీ,” అంది అక్క, అందరికీ వినపడేటట్టు, “మా ఇంట్ల నీళ్లే తాగినట్టు చెప్పిందమ్మా.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పోతూ పోతూ నా జొన్నల సంచికి ఒక పక్క చెయ్యి వేసి, పైకెత్తి గిర్ని తొట్టిలో నాతో పాటు ఒంపింది. నా వైపు చూడలేదు. ఆ చప్పుడులో నా చెవి దగ్గర మాత్రం అన్నది.

“మళ్ల రికార్డుకు వస్తే, కరెంటు పోయినప్పుడు రా చెల్లె.”

ఆమె ఐడీ కార్డు సర్దుకుని షిఫ్టు బస్సు దిక్కు నడిచింది. బస్సు ఎక్కే దాకా అక్కడే నిలబడి చూశాను. పిండి వెచ్చగా సంచిలో పడుతోంది. దానికి కూడా దండం పెట్టుకున్నాను.