రంగు లేని చట్రాలు

వీధిలో అందరూ ఆమెను తేనె అత్త అనేవారు. నోటి మాట చూసి పెట్టిన పేరైతే కాదు. పలకరిస్తే కసురుకునేది, కసురుకున్నాక ఒక మైనం ముక్క చేతిలో పెట్టి పంపేది. అన్నయ్య ఇంటి వెనక, గోడ వెంట వరసగా పెట్టిన తేనె పెట్టెల మధ్యే ఆమె సగం జీవితం గడిచిపోయింది. మొగుడు ఇంకో సంసారం పెట్టుకున్నాక, నాలుగు రోజులు ఉండి పోదామని పుట్టింటికి వచ్చింది. ఆ నాలుగు రోజులు ఇంకా అవుతూనే ఉన్నాయి. జుట్టు మాత్రం నెరిసిపోయింది.

ఆ ఇంట్లో ఆమె కోసమని కొన్న వస్తువు ఒక్కటీ లేదు. అంచు విరిగిన కంచం ఆమెది. చెయ్యి ఊడిన కుర్చీ ఆమెది. ఎవరికీ సరిపోని దుప్పటి, ఎవరూ పడుకోని వెనక గది, గిన్నె అడుగున మిగిలిన కూర, అన్నీ ఆమెవే. ఇది నీ వాటా అని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. ఎవరిదీ కాని వస్తువు ఏదైనా కంట పడితే వదిన దాన్ని తీసుకెళ్ళి ఆమె గది గుమ్మంలో పెట్టేది. అలా పెట్టి, తానేదో దానం చేసినట్టు చేతులు దులుపుకునేది.

పెట్టెల దగ్గరా అదే పద్ధతి. పెట్టెకో రంగు ఉండేది. ఎర్రది, నీలంది, పసుపుది, ఆకుపచ్చది, తెల్లది. లోపల ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలకూ, తలకట్టు అనే పైపట్టీ మీద అదే రంగు. తేనె తీశాక ఏ చట్రం ఆ పెట్టెకే వెళ్ళాలి. ఒక పెట్టె చట్రం ఇంకో పెట్టెలోకి పోతే రోగమూ దాని వెంటే పోతుందని మొదట్లో అన్నయ్యే ఆమెకు నేర్పాడు. ఇక చివరన, బట్టలు ఆరేసే తీగ కింద, రంగే లేని పెట్టె ఒకటి ఉండేది. అది ఆమెది.

ఒక మధ్యాహ్నం ఎక్కడినుంచో వచ్చిన ఈగల గుంపు ఆ తీగ గుంజ మీద వాలింది. వదిన తలుపులన్నీ వేసేసుకుంది. అన్నయ్య ఊళ్ళో లేడు. ఆమె ఒట్టి చేతులతోనే ఆ గుంపును చేటలోకి దింపి, మూలన పడి ఉన్న పాత పెట్టెలోకి వంపింది. సాయంత్రం అన్నయ్య వచ్చి చూసి, "పట్టుకున్నది నువ్వు, నువ్వే ఉంచుకో. రంగు అయిపోయింది, దానికేం వెయ్యక్కర్లేదులే" అన్నాడు. అప్పట్నుంచి రంగు లేని చట్రం ఏది దొరికినా అది ఆమెకే చెందేది. ఆ పెట్టె గురించి మాట్లాడేటప్పుడు మాత్రమే ఆమె నోట "నాది" అనే మాట వినిపించేది. మిగతా వాటికి పొగ పెట్టి మూత తీసేది. దానికి మాత్రం ముందు మూత మీద వేలితో తట్టేది, ఎవరింటికో వెళ్ళి తలుపు తట్టినట్టు.

ఈ ఏడు తేనె బాగా దిగింది. కోతకు ముందు నీలం పెట్టె ఖాళీ అయింది. ఈగలు లేచిపోయాయని అన్నయ్య చెప్పాడు. అలాంటివి జరుగుతూనే ఉంటాయి, ఆమె అడగలేదు. తేనె తీసే యంత్రం తిప్పేటప్పుడు ఎర్ర పెట్టె చట్రాలు రెండు విరిగాయి. కొత్త పట్టు, మెత్తగా ఉంది. తిప్పింది అన్నయ్యే అయినా తిట్లు ఆమెకు పడ్డాయి. ఎర్ర పెట్టె అంటే ఆయనకు ప్రాణం. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని దగ్గరికే తీసుకెళ్ళి, కొడుకు గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

తేనె తీశాక మిగిలే పని అంతా ఆమెదే. అందులో ఎవరూ మెచ్చుకునేది ఏమీ లేదు కాబట్టి. తడి చట్రాలను తలుపులు మూసిన గదిలో ఉంచాలి. వాసన బయటికి పొక్కితే అన్ని పెట్టెల ఈగలూ ఎగబడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక్కో చట్రాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూసి, నల్లబడిన పట్టు కరిగించడానికి పక్కన పెట్టేది. చెక్కకు అంటిన బంకను ఇనప పట్టీతో గీకేది. పొద్దు వాలి, ఈగలు ఇల్లు చేరాక ఎవరి చట్రాలు వాళ్ళకు తిరిగి ఇచ్చేది. అంటుకుని మిగిలిన తేనెను ఈగలే నాకి పొడిగా చేసి పెడతాయి.

ఆ సాయంత్రం రంగు లేనివి ఎప్పటికన్నా ఎక్కువ కనిపించాయి. తలకట్టు మీద చెక్క బయటపడేలా, శుభ్రంగా గీకి ఉన్నాయి.

"అన్నయ్యా, ఇవెక్కడివి?"

"అటక మీది పాతవి. పసుపు పెట్టె మీద అదనంగా వేశాను. నీ పని తగ్గుతుందని నేనే గీకి పెట్టా. నీ పెట్టెలో వేసుకో."

ఇన్నేళ్ళలో అన్నయ్య ఆమె పనిలో చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఆమెకు లోలోపల ఎంత సంతోషం వేసిందంటే, ఆ రాత్రి వదిన విసుక్కున్నా తిరిగి ఒక్క మాట అనలేదు. చట్రాలన్నీ తన పెట్టెలో పట్టలేదు. మిగిలిన వాటికి చోటు చూసి సర్దేసి, చేతులు కడుక్కుంది.

కొన్ని వారాలకు ఆమె పెట్టెలో ఈగలు పలచబడ్డాయి. మూత తీస్తే పులిసిన జిగురు వాసన. పిల్లపురుగుల గదుల మీది మూతలు లోపలికి కుంగి, చిల్లులు పడి ఉన్నాయి. అగ్గిపుల్ల గుచ్చి లాగితే గోధుమరంగు తీగ సాగింది. పిల్లకుళ్ళు, పిల్లపురుగులను కుళ్ళబెట్టే రోగం. దానికి మందు లేదు. గొయ్యి తీసి, పెట్టెతో సహా కాల్చి పూడ్చడమే.

అన్నయ్య ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూశాడు. "శుభ్రం ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను? నీ అశ్రద్ధ వల్ల మిగతా పెట్టెలకు అంటితే మన గతేంటి?"

వదిన గుమ్మంలోంచే అందుకుంది. "పెట్టినచోట ఉండదు ఆ మనిషి. మొన్న ఆ చేతుల్తోనే ఉప్పు డబ్బా ముట్టుకుంది."

ఆమె పెట్టె మూత వేసేసింది. తన తప్పే అనుకుంది. ఇనప పట్టీ సరిగ్గా కడగలేదేమో, ఏదైనా చట్రం చూసీ చూడనట్టు వదిలేశానేమోనని అన్నం కూడా సహించలేదు. బిడ్డ లాంటి దాన్ని చేజేతులా చంపుకున్నానని ఏడ్చింది. వెనక గదిలో ఏడిస్తే ఎవరికీ వినపడదు, ఆ గదికున్న సుఖం అదొక్కటే.

గొయ్యి ఆమే తవ్వింది. ఈగలన్నీ లోపలికి చేరాక పెట్టె వాకిలికి గుడ్డ కుక్కి, మూత సందులోంచి పెట్రోలు పోసింది. లోపల మోత లేచి, కాసేపటికి ఆగిపోయింది. అది ఆగేదాకా ఆమె మూత మీద చెయ్యి తియ్యలేదు. తర్వాత ఒక్కో చట్రమే మంటలో వేసింది. అన్నయ్య పక్కనే నిలబడి చూస్తున్నాడు.

చివరి చట్రం వేస్తుంటే, పెట్టె అంచు మీద ఆనే దాని కొస కింద అంటి ఉన్న బంక వేడికి కరిగి జారింది. దాని కింద రంగు కనిపించింది. నీలం. పైన గీకినవాడు కిందికి తిప్పి చూసుకోలేదు.

ఆమె దాన్ని వెనక్కి లాగి, కొంగుతో తుడిచి అన్నయ్య ముందు పట్టింది. "ఇది నీలం పెట్టెది."

ఆయన ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూశాడు.

"నీలం పెట్టె ఈగలు లేచిపోలేదు. కుళ్ళుకు చచ్చాయి."

"ఊళ్ళో తెలిస్తే మన తేనె ఎవరు ముట్టుకుంటారే?" గొంతు తగ్గించి అన్నాడు. "కట్టిన పట్టు, కాల్చడానికి మనసొప్పలేదు. ఏమీ కాకపోవచ్చు అనుకున్నా. ముందు ఎక్కడో ఒకచోట పెట్టి చూడాలి కదా."

ఆ ఎక్కడో ఒకచోట ఎక్కడో ఆమెకు తెలుసు. అంచు విరిగిన కంచం వచ్చిన చోటుకే, చెయ్యి ఊడిన కుర్చీ వచ్చిన చోటుకే ఈ రోగమూ వచ్చింది. కోపం రాలేదు. ఇన్నేళ్ళూ తనను ఇంటి మనిషి అనుకున్నందుకు తన మీదే తనకు అసహ్యం వేసింది.

"నా పెట్టెలో అన్నీ పట్టలేదు అన్నయ్యా" అంది. "రెండు మిగిలాయి. నీ ఎర్ర పెట్టెలో రెండు విరిగాయి కదా, ఖాళీ ఉంటే నీకు బాధని అందులో పెట్టాను. పసుపు పెట్టెవి అన్నావుగా, మంచివే అనుకున్నా."

అన్నయ్య ఎర్ర పెట్టె వైపు తిరిగాడు. పోయిన వారమే ఆయన ఎర్ర పెట్టెలోంచి పిల్లపురుగులున్న చట్రాలు తీసి, బలం చాలని పెట్టెలన్నిటికీ తలా ఒకటి పంచాడు. పక్కన నిలబడి పొగ పట్టింది ఆమే.

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

అన్నయ్యకు దెబ్బ తగిలితే సంతోషం వేస్తుందని ఆమె ఎప్పుడో అనుకుంది. వెయ్యలేదు. ఎర్ర పెట్టె ఈగలూ ఆమె పెంచినవే.

"మీ ఇంట్లో నేనేం ఇచ్చినా ఎప్పుడు చెప్పాను?" అంటూ నీలం చట్రాన్ని మంటలో వేసి, గొయ్యి పక్కన ఉన్న అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. "పుల్ల గుచ్చి చూసుకో. గొయ్యి మాత్రం ఈసారి నువ్వే తవ్వుకో."