మూల దూలం కింద చెయ్యి

ఇద్రీస్ మేస్త్రిని "మీదే ఊరు?" అని అడిగినవాడికి ఆ పూట పని సాగదు. రేవు పక్కన పాతపట్నం పేటలో టీకొట్టు ముందు బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని, మూడువందల ఏళ్ళ కిందటి ఓడ దగ్గర మొదలుపెడతాడు. అప్పటికి రేవు లేదు, తవ్విన కాలవ లేదు. ఓడ దూరాన లంగరేస్తే, మనవాళ్ళు పడవలేసుకుపోయి తెల్లదొరల్ని బస్తాల్లా దింపుకొచ్చారట. ఒక దొర టోపీ అలల్లో కొట్టుకుపోయిందట. ఆ టోపీ సంగతి ప్రతిసారీ చెబుతాడు, ప్రతిసారీ రంగు మారుస్తాడు.

దొరలు దిగింది రాజ్యాలేలడానికి కాదు, బట్టలు కొనుక్కోవడానికి. తాటాకు పాకల్లో కాపురం. సముద్రపు చెమ్మకి కొన్న బట్టలన్నీ బూజు పట్టాయి. ఒక ఎండాకాలం పాకలంటుకుని మిగిలిన సరుకు కూడా బూడిదైంది. దాంతో నవాబుగారి మనుషుల్ని బతిమాలి, ఇటికతో ఒక గొదాం కట్టుకోవడానికి సెలవు తెచ్చుకుని, చెమ్మ చొరబడని గోడ కట్టేవాడు కావాలని బందరుకి కబురంపారు. బందరు నుంచి దిగినవాడు బడే మేస్త్రి. ఇద్రీస్ నుంచి పైకి లెక్కపెడితే ఏడో తరం. ఇదంతా ఇద్రీస్ చెప్పే చరిత్ర. ఇందులో పుస్తకాలకెక్కింది ఎంతో, టోపీలాంటిది ఎంతో మనం తేల్చలేం.

గొదాం మాత్రం అబద్ధం కాదు. సముద్రానికి రెండు వీధుల ఇవతల నిలబడే ఉంది. సున్నంతో గచ్చుపని చేసేవాళ్ళకి ఒక ఆచారం ఉండేది. గోడ మెరుగు పూర్తయ్యాక, సముద్రం వైపు మూల దూలం కూర్చునే చోట పచ్చి సున్నం మీద అరచెయ్యి అద్ది, దాని మీద దూలం దింపేసేవారు. ఇక ఆ చెయ్యి ఎవరికీ కనబడదు, కట్టడం కూలిన రోజున తప్ప. కట్టినవాడు గొప్ప చెప్పుకోకూడదనట. కట్టినవాడు చెప్పుకోకపోయినా ఏడో తరంవాడు ఆ లోటు తీర్చేస్తున్నాడు.

"ఆరడుగుల మడిసి! అరసెయ్యి సేటంత ఉండీదట! మా అబ్బా సూడనేదు, నాను సూడనేదు. గోడ పడితేనే కనపడతాది బావా" అనేవాడు ఇద్రీస్.

"పడీదాకా నువ్వేటి సెప్పినా సెల్లిపోద్ది" అని నవ్వేవారు బల్ల మీది వాళ్ళు. వీధిలో ఎవరు ఎదురుపడినా, "ఏటి మేస్త్రీ, సెయ్యి కనపడిందా?" అనే పలకరింపు. పైకి నవ్వేవాడు గాని ఇద్రీస్‌కి అది గుచ్చుకునేది. ఎందుకంటే ఆ చెయ్యి తప్ప ఆయనకి మిగిలిందేమీ లేదు. ఊరంతా సిమెంటు వచ్చేసింది. గచ్చుపని అడిగేవాడు లేడు. ఏడాదికోసారి ఏ దర్గాకో, ఏ పాత మేడకో మరమ్మతు వస్తే వచ్చినట్టు. మిగతా రోజుల్లో ఆయన కూడా సిమెంటు పూతకే పోయేవాడు, అదీ మొహం మాడ్చుకుని.

అయినా ఇంటి పెరట్లో గుంటలో సున్నం నానుతూనే ఉండేది. గంగాలమ్మ అనే ముసలామె రేవు ఒడ్డున ఏరిన గుల్లలు గంపతో తెచ్చేది, ఇద్రీస్ కాల్చేవాడు. నానిన సున్నాన్ని రోట్లో వేసి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి, వెన్న అయ్యేదాకా నూరేది ఆయన భార్య హమీదా. గోడకి ఆఖరి పూత పడ్డాక, నున్నటి గులకరాయి పుచ్చుకుని మొహం కనబడేదాకా రుద్దేది కూడా హమీదాయే. ముప్ఫై ఏళ్ళుగా రుద్ది రుద్ది, ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే ఒక వేలెడు దిగి ఉండేది. ఇద్రీస్ ఆమె పనిని "రుద్దుడు" అనేవాడు. తన పనిని "కట్టుబడి" అనేవాడు.

ఎనభై మూడులో వాళ్ళ మేడ మీద గదిలోకి శ్రీనివాసరావు అద్దెకి దిగాడు. గోదావరి జిల్లా వాడు, ఉక్కు ప్రాజెక్టులో చిన్న ఇంజనీరు. అక్కడ క్వార్టర్లు ఇంకా లేవలేదు. పొద్దున్నే ప్రాజెక్టు బస్సెక్కి కూర్మన్నపాలెం పోయి, సాయంత్రానికి ఎర్రమట్టి కొట్టుకుని తిరిగొచ్చేవాడు. పెరట్లో రోటిని చూసి మొదటిరోజే అడిగాడు.

"గోడకి బెల్లం, కరక్కాయలూ ఏంటండీ మేస్త్రిగారూ? గోడా, పానకమా?"

"మీరు అక్కడ పోత్తన్నారే బూడిద, అది వందేళ్ళకి ఏటవుద్దో సూడండి, అప్పుడు మాటాడుకుందుం."

"వందేళ్ళు నేనుండనండీ!"

"మా గోడుంటాది" అన్నాడు ఇద్రీస్. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. నెల తిరక్కుండా ఇద్రీస్ అతన్ని బావా అనడం మొదలుపెట్టాడు. శ్రీనివాసరావు మాత్రం గారు వదల్లేదు.

ఆ ఏడు ఉగాది ముందు, గొదాం యజమానురాలు కనకరత్నం టీకొట్టు దగ్గర రిక్షా ఆపించింది. తాళ్ళ వ్యాపారం ఆమెది. మొగుడు పోయాక తనే నడుపుకుంటోంది. "మేస్త్రీ, నీ కోరిక తీరిపోతంది. గొదాం కారుతంది, తాళ్ళన్నీ కుళ్ళిపోతన్నాయి. పండగెల్లాక పడగొట్టించేత్తన్నాను. మీ పెద్దాయన సెయ్యి ఉందో నేదో అందరం సూద్దుం!"

బల్ల మీద అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్రీస్ గాలిలో తేలుతూ ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, భార్యకి అంతా చెప్పాడు. నలభై ఏళ్ళ నవ్వుకి ఇక జవాబు దొరుకుతుంది. హమీదా చేపల పులుసు వడ్డిస్తూ విన్నది.

"గోడ పడిపోతాది మరి" అంది.

"పడితేనే కదేటి సెయ్యి కనపడీది!"

"అదే అంతన్నాను" అని ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఆ మాట ముల్లులా పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఇద్రీస్ గొదాంకి పోయాడు. దాని గురించి అన్నేళ్ళు మాట్లాడాడే గాని, లోపల అడుగుపెట్టి పదేళ్ళయింది. తాళ్ళ చుట్ట ఒకటి పక్కకి దొర్లించి, దుమ్ము పంచెతో తుడిచాడు. గోడ తెల్లగా బయటపడింది. అందులో ఆయన నెరిసిన గడ్డం మసకగా కనబడింది. బయట ఎండ మండిపోతోంది, గోడ మాత్రం కుండలా చల్లగా ఉంది. ఎక్కడా పగులు లేదు. కారుతున్నది పైకప్పే గాని గోడ కాదు. ఇంత పని తెలిసినవాళ్ళు కట్టిన గోడని నాలుగు మాటల్లో నెగ్గడం కోసం పడగొట్టించుకుంటానా అనుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది. తాళ్ళ చుట్ట మీద కూర్చుని సావకాశంగా ఏడ్చి, మొహం కడుక్కుని, కనకరత్నం ఇంటికి పోయాడు.

"పడగొట్టొద్దు అమ్మగారూ. వానలు పడీలోగా మిద్దె నాను బాగుసేత్తాను. ఒక్క సుక్క కారిందా, నానే గునపం పట్టుకుని వొత్తాను."

ఆమె నోరు తెరిచింది. "మరి మీ తాత సెయ్యి?"

"ఉన్నకాడే ఉంటాది."

వీధి ఈ సంగతి తెలిసి పండగ చేసుకుంది. చెయ్యి లేదని తెలిసే మేస్త్రి వెనక్కి తగ్గాడని తేల్చేశారు. ఇద్రీస్ టీకొట్టుకి పోవడం మానేశాడు. అన్నేళ్ళ జీవితంలో ఆయన నోరు మూసుకుని ఉన్న వారం అదొక్కటే అని హమీదా తరవాత చెప్పుకునేది.

ఆదివారం శ్రీనివాసరావుని వెంటబెట్టుకుని మిద్దె ఎక్కి చూసి, లోపలికి దిగాడు. ఇంజనీరు సుత్తి పుచ్చుకుని, నిచ్చెన జరుపుకుంటూ దూలాలన్నీ తట్టి చూసుకుంటూ వచ్చి, సముద్రం వైపు మూలలో ఆగిపోయాడు. నీళ్ళ తూము ఆ మూలకే ఉంది, ఏళ్ళ తరబడి వాననీరంతా అక్కడే దిగింది. సుత్తి దెబ్బకి దూలం కొస పొడిపొడిగా రాలింది.

"మిగతావన్నీ రాయిలా ఉన్నాయండీ మేస్త్రిగారూ. ఇది మాత్రం మార్చాల్సిందే. మార్చకుండా మీరు పైన ఎంత గచ్చు పోసినా దండగ."

ఇద్రీస్ తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాడు. "ఏంటండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని శ్రీనివాసరావు దిగొచ్చి పట్టుకున్నాడు.

"ఇదే బావా మూల దూలం" అన్నాడు ఇద్రీస్.

దూలం మార్చే రోజున గొదాంలో చీమ దూరే సందు లేదు. టీకొట్టువాడు కొట్టు కట్టేసి వచ్చాడు. కనకరత్నం కుర్చీ తెప్పించుకుంది. గంగాలమ్మ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. పైకప్పుకి వాసాలు ఊతంపెట్టి, పుచ్చిన దూలాన్ని తాళ్ళతో మెల్లగా లాగారు. దుమ్ము దులిపాక ఇద్రీస్ నిచ్చెన మీద చివరి మెట్టెక్కి, దూలం కూర్చున్న గూట్లోకి తల పెట్టాడు.

"ఉందేటి?" అని కింద నుంచి పదిమంది ఒక్కసారే అరిచారు.

ఉంది. తెల్లటి గచ్చులో అయిదు వేళ్ళూ నిన్న అద్దినట్టు ఉన్నాయి. ఇద్రీస్ ఒళ్ళంతా పులకరించింది. తన అరచెయ్యి దాని మీద ఆనించాడు. తన వేళ్ళు ఒక కణుపు మేర బయటికి వచ్చాయి. ఆయన చెయ్యి తీసి, మళ్ళీ ఆనించి, మళ్ళీ తీశాడు.

"ఉంది" అన్నాడు. "కానీ సిన్నది."

"సేటంత అన్నావు!" అని టీకొట్టువాడు అందుకున్నాడు. గొదాం దద్దరిల్లేలా నవ్వారు. శ్రీనివాసరావు నిచ్చెన సగం దాకా ఎక్కి తొంగిచూశాడు. "పనిలో ఉన్న ఏ పిల్లాడిదో అయ్యుంటుందండీ" అని సర్దబోయాడు.

హమీదా చెంగు నడుముకి దోపుకుంది. "ఇద్దరూ దిగండి, నన్ను సూడనియ్యండి" అంటూ నిచ్చెనెక్కింది. చాలాసేపు చూసింది. తరవాత వేలితో మణికట్టు దగ్గర తడిమింది. అక్కడ సన్నగా, వంపు తిరిగి, మూడు గీతలున్నాయి. పచ్చి సున్నంలో నొక్కుకున్న గాజుల గీతలు.

"పిల్లడు గాజులేసుకుంటాడేటి తమ్ముడూ?" అంది.

హమీదా తన చేతిని ఆ ముద్ర మీద పెట్టింది. వేలుకి వేలు సరిపోయింది. ఆమె అలాగే ఉండి, తల తిప్పకుండానే అడిగింది. "ఈవిడ పేరేటి?"

ఇద్రీస్ నోరు తెరిచాడు. తండ్రి పేరు, తాత పేరు, అలా ఏడు తరాల మగవాళ్ళ పేర్లు ఊపిరి తీయకుండా చెప్పగలడు. దొర టోపీ రంగు చెప్పగలడు. గోడని అద్దంలా రుద్దినందుకు అందరూ ఒప్పుకుని ఆఖరి ముద్ర వేయమన్న మనిషి పేరు మాత్రం ఆయనకి తెలీదు. తండ్రిని అడగలేదు. ఆయన కూడా ఎవర్నీ అడిగి ఉండడు.

"తెలీదు" అన్నాడు. జీవితంలో ఆయన ఆ మాట అనడం వీధి అంతా మొదటిసారి విన్నది. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయ్యాక ముప్ఫై ఏళ్ళలో తను చెయ్యి అద్దిన చోట్లన్నీ గుర్తొచ్చాయి. ప్రతిచోటా రుద్దింది హమీదా, అద్దింది తను.

మర్నాడు కొత్త టేకు దూలం వచ్చింది. పాత ముద్రని ముట్టుకోకుండా, దాని పక్కనే పెచ్చు ఊడిన చోట ఇద్రీస్ కొత్త గచ్చు పూశాడు. హమీదా గులకరాయితో మెరుగు పెట్టింది. ఆఖరి రుద్దు అయ్యాక ఆమె అలవాటు ప్రకారం నిచ్చెన దిగబోయింది. ఇద్రీస్ అడ్డంగా నిలబడ్డాడు.

"సెయ్యి పెట్టు."

"నానా? మీ వొంశంలో ఆడోళ్ళు..." అని మొదలుపెట్టి, పక్కనున్న ముద్రని చూసి తనే ఆగిపోయింది. పకపకా నవ్వింది. కింద గంగాలమ్మ "పెట్టమ్మా, ఎండిపోతాది!" అని కేకేసింది. హమీదా కొంగుతో చెయ్యి తుడుచుకుని, గాజులు కిందికి జారవిడిచి, పచ్చి సున్నం మీద గట్టిగా అద్దింది. ఇద్రీస్ బిస్మిల్లా అన్నాడు.

"ఇంక దూలం దింపేత్తారు కదా. మళ్ళీ ఎవులు సూత్తారు?" అంది హమీదా.

"గొదాం కూలిపోయిన రోజున సూత్తారు."

హమీదా ఆలోచించింది. "అయితే ఎవులూ సూడకూడదు మేస్త్రీ. మిద్దె గట్టిగా కట్టు" అని నిచ్చెన దిగి, సున్నం నూరడానికి రోటి దగ్గరికి పోయింది.