ఎర్ర రబ్బర్లు, అవ్వ సామాన్లు

బండి కొత్తగా చేతికొచ్చిన వయసులో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం మళ్లీ జన్మలో ఉండదు. ఆ రోజుల్లో నేను మహబూబాబాద్‌లో ఒక పాత పికప్ నడిపేవాణ్ణి. (పాతది అన్నది ఇప్పటి మాట. అప్పుడెవరైనా ఆ మాటంటే వాళ్లతో మాట్లాడటం మానేసేవాణ్ణి.) మిర్చి బస్తాలు మార్కెట్‌కు తోలడం నా పని. ఆ బండి వాకిట్లోకి వచ్చినప్పటి నుంచి మా అవ్వకు ఒకటే కోరిక. కొత్తగూడ అడవి దిక్కున్న తన తల్లిగారి ఊళ్లో, చెల్లెలి ఇంటిముందు, మనుమడి బండిలోంచి దిగాలి. ఆ చెల్లెలు ఒకసారి తన మనుమడి ట్రాక్టరు మీద మా ఇంటికొచ్చి దిగి, ఆ ముచ్చటే ఏళ్ల తరబడి చెప్పుకుంటోంది మరి. "హారను గట్టిగ కొట్టాలె బిడ్డా. అది ఉరికొచ్చి సూడాలె" అనేది అవ్వ.

రేపే పోదాం పద అని ఉంటే అయిపోయేది. నాకేమో అవ్వ నడుము గుర్తొచ్చింది. గూడూరు దాటితే అన్నీ గుంతలే. బండి గుంతలో పడ్డప్పుడు ఇరుసు పైకి లేచి చాసిస్‌కు కొట్టుకోకుండా మధ్యలో ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది, దాన్ని బంప్ స్టాప్ అంటారు. నా బండివి అరిగిపోయాయి. కొత్త సెట్టు వేయించి అవ్వను పల్లకిలో తీసుకుపోయినట్టు తీసుకుపోదామని పంతం పట్టాను. ఇక పొద్దున లేస్తే ఫోన్లో రబ్బర్ల వీడియోలే. "రబ్బర్లేందిరా, నేనేమన్న కోడిగుడ్లనా? ఎడ్లబండిల కాపురానికొచ్చిన్న. పోదాం పా!" అని అవ్వ గొణుగుతూనే ఉంది, నేను వాయిదాలు వేస్తూనే ఉన్నాను. చివరికి దుకాణంలో పసుపువి, నల్లవి, ఎర్రవి ముందు పెట్టారు. పసుపువి వేలితో నొక్కితే లోపలికి పోయాయి. ఛీ, ఇవేం మోస్తాయి అనుకున్నాను. ఎర్రవి రాయిలా ఉన్నాయి. "ఎన్ని బస్తాలేసినా బండి కుంగది" అన్నాడు దుకాణపాయన. అన్ని బస్తాలను మోసేది బక్కపలచటి మా అవ్వను మోయలేదా? ఎర్రవే తీసుకున్నాను.

మా మెకానిక్‌ను అందరూ 'అయితది' అని పిలిచేవారు. ఏమడిగినా "అయితదన్నా" అనేవాడు, కాదన్న మాట ఆయన నోట వినలేదు. రబ్బర్లు బిగించాక చూస్తే, రబ్బరుకూ ఇరుసుకూ మధ్య ఇంకా బెత్తెడు సందు ఉంది. ఆ సందులోనే కదా కమాను పట్టీలు ఊగి కుదుపును మింగేది! అప్పుడు నాకది దుకాణంవాడు చేసిన మోసంలా కనబడింది. "గీ సందు నింపొచ్చానే?" అన్నాను. "అయితదన్నా" అన్నాడు. ఇనుప దిమ్మలు పెట్టి సందు లేకుండా బిగించాడు. బండి వెనక భాగం దర్జాగా పైకి లేచింది. మేమిద్దరం దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాం.

గూడూరు దాటాక మొదటి గుంతకే అవ్వ తల క్యాబిన్ కప్పుకు తగిలింది. రెండో గుంతకు ఆమె ఆకులూ పోకలూ నా ఒళ్లో పడ్డాయి. "ఓరి నీ బండిల మన్నువొయ్య! నా ఎముకలు బుక్కబుక్కయితానయిరా!" అని అరిచింది. ఆపి 'అయితది'కి ఫోన్ చేశాను. "నడిసినకొద్ది సెట్టయితదన్నా" అన్నాడు. సెట్టయ్యేదాకా అవ్వ ఉండాలి కదా. దారిలో షేరింగ్ ఆటో కనబడగానే చెయ్యెత్తి ఆపి, కోళ్లగంప పక్కన ఇరుక్కుని కూర్చుంది. తన సంచి మాత్రం నా బండిలోనే మరిచిపోయింది. ఆటో లేపిన దుమ్ము తింటూ నేను వెనకాలే పోయాను.

నేను చేరేసరికి అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏమే అక్కా, మనుమని బండి మనుమని బండి అని ఊరంత సాటితివి, ఆటోల దిగితివేందే?" అంటోంది. నా ప్రాణం చచ్చిపోయింది. అవ్వ మాత్రం చీర కొంగుతో మొహం తుడుచుకుని నా బండి వైపు చూపించింది. "గదిగో, వస్తలేదా! నా సామాన్లు ఏసుకొని వస్తాంది. అన్ని సామాన్లల్ల నేనేడ కూసుందు?" అంది. ఆ సామాన్లంటే సర్వపిండి మూటకట్టిన ఒక్క సంచి. నేను హారన్ మీద చెయ్యి పెట్టాను గానీ కొట్టలేకపోయాను.

ఇంటికి వచ్చీరాగానే ఆ ఎర్ర రబ్బర్లు పీకేసి పసుపువి వేయించాను, సందు వదిలి. ఈసారి పోదామే అంటే, మిర్చి కోతలు కానియ్యి బిడ్డా అంది. కోతలు అయ్యేలోపే మంచం పట్టింది. మళ్లీ లేవలేదు. నేను చేసిన ఆలస్యాలన్నీ ఒకెత్తు, ఆమె చేసిన ఆ ఒక్క ఆలస్యం ఒకెత్తు.

దినాలకు చిన్నవ్వను తీసుకురావడానికి అదే బండి వేసుకుని పోయాను. అవే గుంతలు, బండి మెత్తగా ఊగుతూ పోతోంది. అవ్వ కూర్చోవాల్సిన చోట కూర్చుని చిన్నవ్వ సీటును చేత్తో నిమిరింది. "ఎంత సల్లగ పోతాంది బిడ్డా! గిసొంటి బండి పెట్టుకొని మా అక్క ఆటోల వచ్చెనా? నిజంగ గన్ని సామాన్లుండెనా?"

ఎర్ర రబ్బర్ల బండి ముందు ఫొటో దిగిన ఆ పిలగాడు గుర్తొచ్చి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. "శానుండె చిన్నవ్వా" అన్నాను. మా ఊరి మొగదల ఎవరూ అడగకుండానే హారన్ గట్టిగా కొట్టాను.