రాయి కింది బొగ్గులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ల వయసులో మరీ ఎక్కువ. రెండువేల తర్వాత, లాల్‌గడి మలక్‌పేట్‌లో లేఅవుట్లు మొదలై గుంట భూమి కూడా బంగారమైన రోజులవి. నాయిన పోయాక ఆయన చెలక నాకు వచ్చింది. పక్క చెలక చిన్నాయినది. మధ్యలో ఒక హద్దురాయి.

ఒక ఆదివారం నేనుండే అల్వాల్ నుంచి టేపు తీసుకుపోయి, రోడ్డు అంచు నుంచి రాయి దాకా కొలిచాను. కాగితాల్లో ఉన్నదానికన్నా రెండు గజాలు తక్కువ వచ్చింది. ఇంకేముంది, చిన్నాయిన రాయి జరిపాడని తేల్చేశాను. నన్ను సైకిల్ మీద శామీర్‌పేట బడికి దింపిన మనిషని కూడా చూడలేదు. ఠాణాలో ఇవ్వడానికి దరఖాస్తు రాసి సంచిలో పెట్టుకొని అవ్వ దగ్గరికి వెళ్లాను. మా నాయిననూ చిన్నాయిననూ కన్నతల్లి ఆమె. కొడుకును వెనకేసుకొస్తుందని కొట్లాటకు సిద్ధపడే వెళ్లాను.

అవ్వ చింతపండులో గింజలు తీస్తూ అంతా వింది.

"రాయి జరుగుతది బిడ్డా, బొగ్గు జరగది. తవ్వి సూడు. బొగ్గు లేకుంటే నీ ఎంబడి నేనే ఠాణాకొస్త."

వెనకట హద్దురాయి పాతేటప్పుడు గుంతలో ముందు బొగ్గులు పోసేవారట. బొగ్గు కుళ్లదు, చెద పట్టదు. ఎవరైనా రాయిని పెకిలించి పక్కన పాతినా, బొగ్గులు పాత చోటే ఉండి సాక్ష్యం చెప్తాయి.

తెల్లారి గడ్డపారతో వెళ్లాను. మోచేతి లోతు తవ్వానో లేదో, సరిగ్గా రాయి కిందే నల్లగా తగిలాయి. అమ్మయ్య అనుకొని అక్కడే మట్టిలో కూలబడ్డాను. అప్పుడు వెలిగింది, ఆ రెండు గజాలు బండ్లబాటను వెడల్పు చేసి రోడ్డు వేసినప్పుడు పోయిన జాగా అని. నేను కొలిచిందే ఆ కొత్త అంచు నుంచి. రెండు గజాలు పోతే పోయాయి, చిన్నాయిన నాకు మిగిలాడు.

తలెత్తితే ఆయనే గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎందుకు తవ్వుతున్నావని అడగలేదు. మసి పట్టిన నా చేతులు చూశాడు.

"అప్పుడు మీ నాయిన రాయి వట్టుకున్నడు, నేను బొగ్గులు వోసిన. లే బిడ్డా, జల్దీ పూడ్సాలె. రాయి వంగుతది."

సిగ్గుపడుతూ లేచాను. ఆయన దిగివచ్చి రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఈసారి బొగ్గులు నేను పోశాను.