ఆర్చి కింద ఆగిన బాయిలర్

కాకినాడ రేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర నేను సూపర్‌వైజరుగా పనిచేసిన రోజులు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఓడల్లో వచ్చే సరుకంతా ఇనప పెట్టెల్లో సర్దుకుని రాదు. బాయిలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇంటికన్నా పెద్ద ట్యాంకులు ఏ పెట్టెలోనూ పట్టవు. వాటిని ఓడలోంచి క్రేనుతో ఎత్తి, ట్రైలరు మీద దించి, ఫ్యాక్టరీ గేటు దాకా చేర్చడం మా కాంట్రాక్టరు వ్యాపారం. కష్టమైన పనే. నాకు ఆ పనంటే ఇష్టం కూడా. అంత బరువు గాల్లో తేలుతుంటే కింద కళాసీలంతా ఊపిరి బిగబట్టి చూసే క్షణం ఇంకే పనిలోనూ దొరకదు.

ఆ ఏడు ఏలూరు దగ్గర కడుతున్న ఒక ఫ్యాక్టరీ కోసం పెద్ద బాయిలర్ వచ్చింది. దాని కోసం మాట్లాడిన ట్రైలరు నేలబారుగా ఉండే రకం. ఎత్తయిన సరుకుకి అదే సరైనది. అది ఇంకో పని మీద ఒరిస్సా వైపు వెళ్లి ఇరుక్కుపోయింది. రెండు మూడు రోజులు ఆగితే వచ్చేది. మా కాంట్రాక్టరు ఆగలేదు. చేతిలో ఉన్న మామూలు ట్రైలరునే ఓడ ఆగిన బెర్తు దగ్గరికి తెప్పించాడు. బాయిలర్ దొర్లకుండా కింద కర్ర స్లీపర్లు, అంటే లావుపాటి దుంగలు, వరసగా పేర్పించాడు. దాంతో మొత్తం ఎత్తు జానెడు పైగా పెరిగింది.

మా ఇంజినీరు అక్కడే అన్నాడు. "సార్, ఈ కర్రలు తీసి ఇనప ప్లేట్లు వేద్దామండీ. ఒక పూట పని. ఎత్తు తగ్గిపోద్ది."

"ఒక పూటంటే ఓడవాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు కాంట్రాక్టరు. "దారిలో చూసుకుందాం. అడ్డొచ్చినవి తీసేద్దాం."

అడ్డొచ్చినవి. అప్పుడు నాకు ఆ మాట పెద్దగా పట్టలేదు. కరెంటు తీగలో, చెట్టుకొమ్మలో అనుకున్నాను.

మాది పెంటపాడు పక్కన చిన్న పేట. ఆ దారులు తెలిసినవాణ్ణని ముందు జీపులో నన్నే పంపారు. ఎత్తు కొలిచే పొడవాటి కర్ర పట్టుకుని నేను ముందు, వెనక నత్తలా ఆ బండి. గోదావరి దాటాం. తాడేపల్లిగూడెం దగ్గరికొచ్చేసరికి హైవే మీద కల్వర్టు బాగుచేస్తున్నారు. అంత బరువు దాని మీదికి ఎక్కనివ్వం అన్నారు. పెంటపాడు వైపు నుంచి చుట్టు తిరిగి మళ్లీ హైవే ఎక్కాలి.

ఆ చుట్టుదారి ఒకచోట రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. ఒకటి ఊళ్లోంచి పోతుంది. దాని మొదట్లో ఒక మోతుబరి తన తండ్రి పేరుతో కట్టించిన ఆర్చి. రెండోది మా పేటలోంచి. దాని మొదట్లో మా చర్చి ఆర్చి. నేను రెండూ కొలిచాను. రెండింటికీ బాయిలర్ తగులుతుంది. రెండు ఆర్చిల ఎత్తుకీ తేడా వేలెడు కూడా లేదు.

కాంట్రాక్టరు తరఫున వచ్చిన మేనేజరు పక్కకెళ్లి కాంట్రాక్టరుతో ఫోనులో మాట్లాడుకుని వచ్చాడు. "పేట వైపు పోనిద్దాం. ఆ ఆర్చి పైభాగం కొట్టేస్తే సరిపోద్ది."

"రెండూ ఒకే ఎత్తు కదండీ. పేట వైపే ఎందుకండీ?" అన్నాను.

"ఊళ్లో ఆర్చి ముట్టుకుంటే ఎవరు ఊరుకుంటారయ్యా? ఇక్కడైతే అడిగేవాళ్లెవరు?"

నేను ఆ పేటవాణ్ణని అతనికి తెలియదు. తెలిసి ఉంటే ఇంకొంచెం మర్యాదగా అనేవాడేమో. పనిమాత్రం అదే చేసేవాడు.

ఆ ఆర్చి ఎలా లేచిందో నాకు తెలుసు. మా అమ్మ, చర్చి స్త్రీల సమాజంలో మిగతా ఆడవాళ్లు, ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్క కుండలో వేసేవారు. పూట గడవని ఇళ్లలో కూడా. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెచ్చి పోగు చేసి, అమ్మి, ఆ డబ్బు దాచేవారు. అలా ఏళ్ల తరబడి. నాట్లయిపోయాక మగవాళ్లు కూలి తీసుకోకుండా ఇసక మోశారు, ఇటుక మోశారు. దాన్ని సుత్తితో కొట్టడానికి కారణం ఏమిటి? రేవులో ఒక పూట ఆగడం ఇష్టం లేకపోవడం. అంతే.

భోజనాల వేళ బండి ఆపారు. నేను జీపు తీసుకుని ఇంటికెళ్లాను. అమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. జరగబోయేది చెప్పాను. అమ్మ చేతులు కడుక్కుంది.

"ఎవర్ని అడిగి కొడతారంట్రా?"

"ఎవర్నీ అడగరమ్మా."

"అయితే మనమే అడుగుదాం పద" అని ఇంటింటికీ బయల్దేరింది.

సుత్తులు పట్టుకుని మనుషులు నిచ్చెన వేసేసరికి ఆడవాళ్లంతా ఆర్చి కింద రోడ్డు మీద కూర్చున్నారు. కేకల్లేవు, తిట్లు లేవు. ట్రైలరు తోక చీలికకి అడ్డంగా ఉండటంతో ఊరి దారి కూడా మూసుకుపోయి, బాయిలర్ వెనక బస్సులు, ట్రాక్టర్లు బారులు తీరాయి. కొల్లేరు నుంచి చేపలతో వస్తున్న లారీ ఒకటి మా ఎదర నుంచి వచ్చి ఆగిపోయింది.

మేనేజరు చేతులు జోడించాడు. "లేవండమ్మా. దీనికన్నా మంచిది కట్టించి ఇస్తాం."

"మంచిది మాకొద్దండీ. ఇదే ఉండనివ్వండి" అంది అమ్మ. "ఏవండీ, అటుపక్క ఆర్చి కూడా ఇంతే ఎత్తంట కదా. అక్కడ నిచ్చెన వేయలేదేంటండీ?"

అతను పోలీసులకి ఫోను చేశాడు. ఎస్సై వచ్చాడు. "ప్రభుత్వానికి కావలసిన ఫ్యాక్టరీ అమ్మా, అడ్డుపడకూడదు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. అడ్డం ఎవరు? ఎన్నో ఏళ్లుగా అక్కడే నిలబడి ఉన్న ఆర్చా, నిన్నగాక మొన్న ఓడ దిగిన ఇనప ముద్దా?

చేపల లారీ డ్రైవరు మాత్రం దిగొచ్చి ఆడవాళ్ల మీద విరుచుకుపడ్డాడు. "ఐసు కరిగిపోతోందండీ! సరుకు పాడైపోతే ఎవరిస్తారండీ?" అతని కోపంలో తప్పులేదు. నేను అతన్ని పక్కకి తీసుకెళ్లి ట్రైలరు చూపించాను. కింద స్లీపర్లు చూపించాను. అవి తీస్తే బాయిలర్ దూరిపోతుందని చెప్పాను. అతను కాసేపు చూసి నేరుగా మేనేజరు దగ్గరికి నడిచాడు. "అదేంటండీ, మీ కర్రలు తీసుకోవడం మానేసి వాళ్ల గుడి గుమ్మం కొడతానంటారు?" అని అందరికీ వినపడేలా అడిగాడు. బస్సుల్లో జనం కూడా దిగారు. అప్పటిదాకా ఆడవాళ్లని విసుక్కుంటున్నవాళ్లే మేనేజరు చుట్టూ మూగారు.

మేనేజరు నా మీదికొచ్చాడు. "వీళ్లకి నువ్వే చెప్పావు కదూ?"

"నేనే చెప్పానండీ. ఆవిడ మా అమ్మ."

మేనేజరు వెనక్కి తిరిగాడు. కాకినాడలో ఇంజినీరుకి ఫోను చేశాడు. ఇంజినీరు ఏం చెప్పాడో నేను వినలేదు. వినక్కర్లేదు కూడా. రేవులో చెప్పిందే చెప్పి ఉంటాడు. తాడేపల్లిగూడెం నుంచి ఇనప ప్లేట్లు తెప్పించారు. కళాసీలు నాలుగు మూలలా జాకీలు పెట్టి బాయిలర్‌ని కొద్దికొద్దిగా లేపారు. ఒక్కో స్లీపరూ లాగి ప్లేటు తోశారు. ఆ పని చూడ్డానికి పేటంతా చేరింది. ఇందాక ఆర్చి కింద కూర్చున్న ఆడవాళ్లే బిందెలతో మంచినీళ్లు తెచ్చి కళాసీలకి పోశారు. నిచ్చెనెక్కిన సుత్తి మనిషి కూడా దోసిలి పట్టి తాగాడు.

పొద్దు వాలకముందే బాయిలర్ ఆర్చి కింద నుంచి వెళ్లిపోయింది. పైన నాలుగు వేళ్ల సందు మిగిలింది. ఆర్చికి గీత కూడా పడలేదు. అంత చిన్న పని. రేవులో చేసి ఉంటే ఒక్క బస్సు ఆగేది కాదు, ఒక్క ఆడమనిషి రోడ్డున కూర్చోవలసి వచ్చేది కాదు.

క్షమించమని ఎవరూ అనలేదు. ఏలూరు చేరాక, ఇక పనిలోకి రానక్కర్లేదని నాకు కబురొచ్చింది. "కంపెనీ ఉప్పు తిని కంపెనీకి అడ్డంగా జనాన్ని కూర్చోబెట్టాడు" అన్నాడట కాంట్రాక్టరు. తర్వాత ఇంకో చోట అదే పని వెతుక్కున్నాను, అది వేరే సంగతి.

ఫ్యాక్టరీ ప్రారంభించిన రోజు సభ పెట్టారు. బాయిలర్‌ని క్షేమంగా చేర్చినందుకు కాంట్రాక్టరుకి శాలువా కప్పారు. దారి పొడవునా ప్రజలు ఎంతో సహకరించారని అతను మైకులో చెప్పాడట. అక్కడ కూలికి వెళ్లిన మా పేట కుర్రాళ్లు వచ్చి ఆ మాట చెబితే అమ్మ నవ్వేసి ఊరుకుంది. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు. ఏ ఆర్చి కొట్టాలో ఫోనులో తేల్చుకుని వచ్చిన ఆ రోజు మేనేజరు గొంతులో తడబాటన్నది లేదు. బండి ఎటు తిప్పాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు మంట అక్కడ.